గుర్తులు కలిసిన సాయంత్రం

“కాయలు మాగవేసే గది కాస్తా ఆ డబ్బాకిచ్చారు. రసాలేమో నా మంచం కింద మగ్గుతున్నాయి,” అంది శకుంతల మళ్ళీ.

“ఇవాళ్టితో తేలిపోతుంది లేవే,” అన్నాడు ఆమె భర్త, మామిడి వ్యాపారి నారాయణరావు. “ఢిల్లీ లారీలో చెడిన కాయ ఏ తోటదో చీకటి పడేలోగా చెప్పాలి. లేదంటే కంప్యూటరూ, ఆ అబ్బాయీ బెజవాడ బస్సెక్కడమే. రేపు అమ్మాయిని చూసుకోడానికి విస్సన్నపేట పెళ్ళివారొస్తున్నారు, గది కూడా కావాలి.”

గుమ్మం పక్కనుంచి వింటున్న కూతురు లలిత గబగబా కంప్యూటరు గదిలోకి వెళ్ళింది.

అక్కడ కంప్యూటరు నడిపే ఆంజనేయులు తెరకి అతుక్కుపోయి ఉన్నాడు. పొద్దున మొదలెట్టిన పని ఇంకా నడుస్తూనే ఉంది. బల్బు ఒక్కసారి మినుకుమంది. ఇద్దరూ తలెత్తి దానికేసి చూశారు. కరెంటు పోతే మళ్ళీ మొదటికే.

“ఎందుకండీ ఇంత ఆలస్యం?” అంది లలిత.

“రైతుల ఫైల్లో పేర్లున్నాయి. లారీ ఫైల్లో బుట్టల మీది గుర్తులున్నాయి. రెండూ కలవవు. తేదీ పట్టుకుని ప్రతి బుట్టనీ ప్రతి రైతుతోనూ పోల్చమన్నాను. ఒక్కో బుట్టకీ పదిమంది తేలుతున్నారు.”

“ఒక్క పిల్లకి పదిమంది పెళ్ళికొడుకులన్నమాట!” నవ్వబోయింది.

“మీకు రేపు ఒక్కడేగా,” అన్నాడు, తల తిప్పకుండా.

లలిత కళ్ళు దించుకుంది. అప్పుడు తట్టింది. “ఆ గుర్తులు వేసేది నేనే! చంద్రవంక సాంబయ్య గారిది, మూడు చుక్కలు వెంకాయమ్మ గారివి. ఏ గుర్తు ఎవరిదో మధ్యలో మూడో ఫైలు పెట్టకూడదా?”

అతను గిర్రున తిరిగాడు. “పెట్టొచ్చు! గుర్తుల వరసలో ఇండెక్స్ చేస్తే అందర్నీ వెతకక్కర్లేదు, తిన్నగా ఆ రైతు దగ్గరికే వెళ్తుంది. కానీ నడుస్తున్నది ఆపెయ్యాలి. ఇదీ కుదరకపోతే...” వేలు మీట మీద ఆగిపోయింది.

ఆ వేలి మీద వేలు వేసి లలితే నొక్కింది.

ఆమె చెబుతుంటే అతను టైపు కొట్టాడు. కిటికీలో ఎండ ఎర్రబడింది. బల్బు ఇంకోసారి మినుకుమంది. అంతలో ప్రింటరు కీచుమంటూ కదిలింది.

నారాయణరావు లోపలికొచ్చి కాగితం చింపుకుని చూశాడు. “సాంబయ్య తోటా! నిజమే, వడగళ్ళు పడిందక్కడే. సరే, కంప్యూటరు ఉండనీ.”

“ఇక ఈ ఆంజనేయుడు మా ఇంట్లోనే వెలుస్తాడు కాబోలు,” అంది శకుంతల గుమ్మంలోంచి.

అప్పుడు పోయింది కరెంటు. పొద్దుట్నుంచీ భయపడ్డ చీకటి అదే. అందులో ఎవరి మొహమూ కనబడకపోవడమే మేలనిపించింది లలితకి.

“విస్సన్నపేట వాళ్ళని రావద్దనండి, నాన్నగారూ,” అంది మెల్లగా. “నేను ఈయన్నే చేసుకుంటాను.”