ముందుపళ్ల ఫిల్లింగు కేసు

1989 ఎండాకాలం. జహీరాబాద్‌లో పళ్ల డాక్టరు మదన్‌మోహన్ చెమటలు కక్కుతూ ప్రైవేటు డిటెక్టివ్ రేవణసిద్ధప్ప ఆఫీసుకొచ్చాడు. తాను వేసిన ఫిల్లింగులు మూడు వరసగా ఊడాయట. కాంపౌండర్ సంగప్ప అసలు మందు అమ్ముకుని నకిలీది కలుపుతున్నాడట. రుజువు దొరికితే పోలీసులకు పట్టిస్తాడట. ఇంకా రుజువేదీ? అప్పుడే రోగులందరి ముందూ దొంగా అనేశాడు, మహానుభావుడు!

అసిస్టెంటు మాణిక్‌తో డిటెక్టివ్ క్లినిక్‌కు వెళ్లాడు. సంగప్ప తలెత్తలేదు.

“నేను తియ్యలే సార్. దొంగ కొడుకులంటున్రని మా పోరగాండ్లు బడికి పోతలేరు.”

ఫిల్లింగు ఊడినవాళ్లలో న్యాల్‌కల్ టీచరు మనోరమ ఒకతె. నరం తీయించుకున్న ముందుపన్ను నల్లబడితే తెల్లగా చేయించుకుంది. ఇప్పుడు ఫిల్లింగు ఊడిన సందులోంచి నీళ్లు దిగి వాసనొస్తోంది. పిల్లల ముందు నోరు తెరవాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నానంటూ కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా డాక్టరు మంచివాడేనట. తెల్లబరిచే మందు, ఫిల్లింగు ఒక్కరోజే ముగించి రెండోసారి బస్సెక్కే బాధ తప్పించాడట. మిగతా ఇద్దరిదీ అదే కథ.

అదే డబ్బాలోని ఫిల్లింగు మందుతో దవడపళ్లకు వేసిన ఫిల్లింగులు మాత్రం రాయిలా ఉన్నాయి. రేవణసిద్ధప్ప హైదరాబాద్‌లోని ఒక పళ్ల ప్రొఫెసరుకు ఫోన్ చేశాడు. మర్నాడు అందరినీ డాక్టరు గదిలో కూర్చోబెట్టాడు.

“మందు అసలుదే. నకిలీదైతే దవడపళ్లవీ ఊడేవి. ఊడినవన్నీ అదేరోజు తెల్లబరిచిన పళ్లు. తెల్లబరిచే మందు వదిలే ప్రాణవాయువు పంటిలో మిగిలుంటే ఫిల్లింగు సరిగా అంటుకోదు, అంచుల్లోంచి తడి దిగుతుంది. తాత్కాలికంగా మూసి రెండు వారాలు ఆగాలి. ఈ సంగతి మీకు తెలుసా, డాక్టర్?”

మాణిక్ నోరు వెళ్లబెట్టి గురువుగారినే చూస్తున్నాడు.

“ఒక డాక్టర్ల సభలో విన్నాను,” అన్నాడు డాక్టరు నేల చూస్తూ. “మళ్లీ రమ్మంటే జనం బీదర్ డాక్టర్ల దగ్గరికి పోతారని భయపడ్డాను.”

“మరి నన్నెందుకు పిలిచారు?”

“సంగప్పే తీసి ఉంటే బాగుండుననిపించింది.”

ఛీ, ఎంత మాట! ఆ గదిలో అందరికీ సిగ్గేసింది. డాక్టరు చేతులు జోడించి, క్షమించమని గొణిగాడు.

“లోపల వద్దు సార్,” అన్నాడు సంగప్ప. “ఆ మాట బయట బెంచీల కాడ అన్నరు. గిది గూడ ఆడ్నే చెప్పున్రి.”

డాక్టరు లేచి, రోగులు కూర్చున్న వరండాలోకి నడిచాడు.

“సంగప్ప దొంగ కాదు. తప్పు నాది,” అన్నాడు.

వెనక కూర్చున్న ముసలమ్మ ఏమన్నడని పక్కవాళ్లను అడిగింది. వాళ్లు డాక్టరు వైపే చెయ్యి చూపించారు. డాక్టరే మళ్లీ, ఈసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.