శాలిబండ ఎక్కుడుల ఆగిన డీసీఎం

డీసీఎం వ్యాను నడపనీకె లైసెన్సు ఇచ్చింది సర్కారు. మెకానిక్ అనే పేరు మాత్రం నాకు నేనే ఇచ్చుకున్న. ఎవరి దగ్గరా నేర్చుకోలే. నా బండిని నేనే చెడగొట్టుకొని, నేనే విప్పుకొని, మళ్ల బిగించినంక చేతుల మిగిలిపోయిన నట్లన్నీ ఒక డబ్బాల ఏసుకుంట నేర్చుకున్న. డబ్బా నిండింది గని బండి నడుస్తనే ఉన్నది. అందుకే లాల్‌దర్వాజాల నన్ను ఎల్లప్ప ఉస్తాద్ అంటరు. నా ముంగట. ఎనకాల ఏమంటరో నా భార్యను అడగాలె.

ఇంకొక సంగతి గూడ ముందే చెప్తే మంచిది. నాకు అనుమానం ఎక్కువ. కూరగాయలాయన నవ్వుకుంట మాట్లాడిండంటే తూకం మళ్ల చూపెట్టమంట. కాబట్టి నేను చెప్పేదాంట్ల సగం నా బుద్ధి అనుకోండి. మిగతా సగానికి నా దగ్గర జవాబు లేదు.

మా గల్లీల సత్తెమ్మ అని ఒక పెద్దమనిషి ఉండేది. మెట్ల మీద కూసొని ఆకువక్క నములుకుంట, వచ్చేటోళ్లను పోయేటోళ్లను ఆపి లొల్లి పెట్టుకునేది. వానకాలం ఒకనాడు మధ్యాహ్నం ఆమె పోయిందన్నరు. ఆమె తమ్ముడు ప్రేమ్‌రాజ్ అప్పటికే అన్నీ తయారు చేసిండు. శవాల బండి వచ్చేసరికి రాత్రి అయితదన్నరని నా దగ్గరికి వచ్చిండు.

"ఎల్లప్పా, నీ డీసీఎం పెట్టాలె. చీకటి పడకముందు పురానాపూల్ శ్మశానఘాట్ చేరాలె."

కిషన్‌బాగ్ నుంచి బిడ్డ అఖిల ఉరుక్కుంట వచ్చేసరికి తల్లిని పాడె మీద కట్టేసిన్రు. ఆమె ఏడ్వలే. తల్లి మొఖం చూసి, మేనమామను చూసింది.

"డాక్టర్ వచ్చిండా మామా?"

"వచ్చిండు బిడ్డా."

"నాడి పట్టి చూసిండా?"

"గడపల నిలవడి చూసిండు. పోయినోళ్లను ఎట్ల చూస్తరో గట్లనే చూసిండు. ఇంకెట్ల చూస్తరు?"

అఖిల బండి ఎక్కి తల్లి తలకాడ కూసున్నది. కూసొని ఒకటే మాట అడిగింది. "నడుమ దారిల దించుతరు గద? నేను పిల్వాలె."

దింపుడు కల్లం సంగతి మీకు తెల్వంది కాదు. నడిదారిల పాడె దించి, కడుపున పుట్టినోళ్లు చెవుల మూడుసార్లు పిలుస్తరు. పానం ఏ మూలనన్న మిగిలి ఉంటే పలుకుతదని.

"టైం లేదు బిడ్డా," అన్నడు ప్రేమ్‌రాజ్. "పొద్దు గూకుతుంది. ఎల్లప్పా, బండి ఎక్కడా ఆపొద్దు."

మోయనీకె వచ్చిన పిలగాండ్లు బైకుల మీద ముందుకు పోయిన్రు. అఖిల ఎనకాల, ప్రేమ్‌రాజ్ నా పక్క సీట్ల. సన్నగ వాన పడుతున్నది. శాలిబండ రోడ్డు జామ్ అయిందని పక్క గల్లీల నుంచి ఎక్కిచ్చిన. నా తెలివి అక్కడిదాకనే పని చేసింది. గల్లీ సగంల కరెంటు పోయింది. షట్టర్లు దించిన దుకాణాలు, తడిసిన గోడలు, ఎక్కడనో మసీదు మైకు. ఎక్కుడుల ఇంజను రెండుసార్లు దగ్గింది...

ఆగింది.

సెల్ఫ్ కొట్టిన. మస్తు తిరుగుతున్నది, బ్యాటరీ తప్పు లేదు. అద్దంల సైలెన్సర్ దిక్కు చూసిన. పొగ లేదు. తెల్లది లేదు, నల్లది లేదు. పొగనే లేదంటే ఇంజనుకు డీజిల్ అందుతలేదని. ఈ ముక్క మాత్రం నాకు ఖాయంగ తెలుసు.

"ఏమైంది?" అన్నడు ప్రేమ్‌రాజ్.

"ఏం ఫికర్ లేదన్నా. లైన్ల గాలి పట్టి ఉంటది. ఇప్పుడు తీస్త."

మొదలు పెట్రోల్ బంకోన్ని అనుమానించిన. తర్వాత మొన్న బండి అడిగి తీస్కపోయిన నా బామ్మర్ది పింటూను. వాన్ని అనుమానించుడంటే నాకు ఇష్టం గూడ. నన్ను నేను ఆఖర్ల అనుమానిస్త. అది నా పద్ధతి.

స్పానర్ పట్టుకొని బండి పక్కకు కూసున్న. డీజిల్ ఫిల్టర్ నెత్తి మీద చిన్న బోల్టు ఉంటది. దాన్ని వదులు చేసి చేతిపంపు కొడితే లైన్ల ఇరుక్కున్న గాలి బుడగలు బుడగలుగ బయటికి వస్తది. బుడగలు ఆగి డీజిల్ ధారగ వచ్చినంక బోల్టు బిగియ్యాలె. గంతే పని. నేనైతే బోల్టుకు ఒక సన్న పైపు తగిలిచ్చి, దాని కొసను డీజిల్ పోసిన నీళ్ల బాటిల్ల ముంచుత. బుడగలు ఖుల్లా కనిపిస్తయి. ఇది నా సొంత ఐడియా. యూట్యూబ్ల ఎవడో నాకంటే ముందే కొట్టేసిండు.

ఫోను లైటు పెట్టి పంపు కొట్టిన. బుడగలు వచ్చినయ్. కొట్టిన. వచ్చినయ్. మామూలుగైతే రెండు నిమిషాల పని. చెయ్యి గుంజుతున్నది, బుడగలు అయిపోతలేవు. ఎక్కడనో పైపు పగిలి గాలి గుంజుతున్నదనుకొని, ట్యాంకు నుంచి పంపుదాక వేళ్లతోని తడిమిన. తడి లేదు, చీలిక లేదు. వాషర్ చూసిన. కొత్తదే.

పంపు మీద చెయ్యి తీసి చెమట తుడుచుకుంటున్న.

బాటిల్ల బుడగలు వస్తనే ఉన్నయ్.

నేను పంపు కొడతలేను. ఇంజను తిరుగుతలేదు. గుప్పెడు బుడగలు వచ్చి ఆగినయ్. కొంచెం సేపు ఏం లేదు. మళ్ల గుప్పెడు. మళ్ల ఆగినయ్. తొందర లేకుంట... నిద్రల ఉన్న మనిషి లెక్క.

లైను ఏ దిక్కు నుంచి గాలి గుంజుతున్నదో ఆలోచిస్తున్న అనుకున్న గని, నిజానికి నేను ఆ బుడగలతోని పాటు ఊపిరి తీసుకుంటున్న. అవి ఆగినప్పుడల్లా నేనూ ఆగుతున్న. తెల్సినంక భయమై దగ్గిన.

బాటిల్ దగ్గరికి ముక్కు పెట్టిన. బుడగ పగిలింది. డీజిల్ వాసన రావాలె గద... ఆకువక్క వాసన వచ్చింది. సున్నం, వక్క, నమిలిన ఆకు.

"ఎంతసేపు?" చెవి పక్కనే ప్రేమ్‌రాజ్ గొంతు. ఎప్పుడు దిగిండో తెల్వదు. తలుపు చప్పుడు నేను వినలే. ఆయన నన్ను చూస్తలేడు. బాటిల్ దిక్కే చూస్తున్నడు.

"గాలి అయిపోతలేదన్నా..."

"అయితది. కొట్టు."

"అన్నా, ఒక్క మాట. అక్కకు... మధ్యాహ్నం ఏమైంది?"

"పోయింది," అన్నడు. అంత మెల్లగ ఆయన మాట్లాడంగ నేను ఎన్నడు వినలే. "నువ్వు పంపు కొట్టు ఎల్లప్పా."

పైనుంచి అఖిల తొంగి చూసింది. "అన్నా, బండి ఆగింది గద. ఇదే నడిదారి అనుకుంట. నేను పిలుస్త."

"వద్దు బిడ్డా," అన్నడు ప్రేమ్‌రాజ్. "దించనిదే పిల్వరు."

"నీకేమైతది మామా, నేను పిలిస్తే?"

ఆమె తల లోపలికి పోయింది. వానకు కట్టిన తాడిపత్రి కింద ఆమె వంగిన చప్పుడు వినబడ్డది.

"అమ్మా..."

బుడగలు ఆగినయ్.

తగ్గుడు కాదు, ఠక్కున ఆగినయ్. ఎవరన్న పిలిస్తే మనం నములుడు ఆపి వింటం చూడు, గట్ల. బాటిల్ల డీజిల్ అద్దం లెక్క నిలవడ్డది. వాన గూడ తగ్గింది. నా గడియారం నాకు వినబడుతున్నది.

"అమ్మా..."

పైపు కొసల ఒక్కటే బుడగ ఉబ్బింది. పెద్దది. ఎప్పుడూ చూడనంత పెద్దది. ఊగుకుంట పైకి వచ్చి డీజిల్ మీద పగిలింది. పగిలినప్పుడు ఒక సప్పుడైంది. దాన్ని నేను మాట అనలేను. మాట మొదలువెట్టే ముందు గొంతుల వచ్చే సప్పుడు... గది.

ప్రేమ్‌రాజ్ నా భుజం పట్టిండు. వేళ్లు దిగవడ్డయ్.

"బిగియ్."

"అన్నా, ఇంకా గాలి..."

"అయిపోయింది. బిగియ్ ఎల్లప్పా. బిగియ్!"

నా చేతులు నా మాట వినలే. ఇన్నేండ్ల అలవాటు, బిగియ్ అంటే బిగిస్తయి. పైపు ఊడదీసిన, స్పానర్ తిప్పిన. బోల్టు కూసున్నది.

"అమ్మా..."

ఏం లేదు. పైన ఏం లేదు, కింద ఏం లేదు. అఖిల చాలాసేపు వంగే ఉన్నట్టుంది. తర్వాత బండి చెక్కకు ఆనుకున్న చప్పుడైంది. "పలుకలే," అని తనకు తానే చెప్పుకున్నది.

సెల్ఫ్ కొట్టిన. ఒక్క దెబ్బకు ఇంజను అందుకుంది. నా బతుకుల గంత సాఫ్‌గ ఎప్పుడూ స్టార్ట్ కాలే. ఇంకోరోజైతే మీసం తిప్పేటోన్ని. ఆ రోజు స్టీరింగ్ పట్టుకొని సీదా పురానాపూల్ పోయిన. ప్రేమ్‌రాజ్ మాత్రం దారి పొడుగునా చేతులు ప్యాంటుకు తుడుచుకుంటనే ఉన్నడు. ఆయన డీజిల్ ముట్టనేలేదు.

ఘాట్ కాడ పిలగాండ్లు పాడె దించి చితి మీదికి చేర్చిన్రు. కాటికాపరి తొందర చేస్తున్నడు. ఇంకా పూర్తిగ చీకటి కాలే, ఆకాశం బూడిద రంగుల ఉన్నది. ప్రేమ్‌రాజ్ కుండ భుజాన పెట్టుకొని తిరుగుతున్నడు, రెండో చేతిల కొరివి. నోట్లె బియ్యం పొయ్యమని అఖిలను ముందుకు పంపిన్రు.

ఆమె వంగింది. బియ్యం పొయ్యలే. గుప్పిలి మూసే ఉన్నది.

"ఎల్లప్పన్నా. జర లైటు పట్టు."

పట్టిన. సత్తెమ్మ ముక్కుల పెట్టిన దూది తడిసి ఉన్నది. పసుపుపచ్చగ, జిడ్డుగ. వంగకముందే నాకు వాసన తెలిసింది. నిద్రల లేపి అడిగినా గుర్తుపట్టే వాసన.

"నీ చెయ్యి తగిలిందా అన్నా?"

"లేదమ్మా. నేను ఎనకాలకు ఎక్కనేలేదు."

"వానకు తడిసింది," అన్నడు ప్రేమ్‌రాజ్ అవతల నుంచి. అక్కడి నుంచి ఆయనకు దూది కనిపించదు. మేం దూది ముచ్చట గూడ తీయలే. "జరుగు బిడ్డా. చీకటైతుంది."

అఖిల జరుగలే. రెండు వేళ్లతోని ఆ దూది మెల్లగ బయటికి తీసింది. సన్న ధార ఒకటి పెదవి మీదికి జారింది. డీజిలే.

దాని ఎనకాలే, ముక్కు అంచున ఒక బుడగ ఉబ్బింది. చిన్నది. శనగగింజంత.

"ఆగు మామా," అన్నది అఖిల, తల ఎత్తకుంట.

అడుగుల చప్పుడు ఆగలే. కొరివి వెలుతురు సత్తెమ్మ మొఖం మీద పడ్డది. అందరం ఆ బుడగనే చూస్తున్నం. పగులుతదని చూస్తున్నం.

పగల్లే...

మెల్లగ, వచ్చిన దారిలనే, లోపలికి పోయింది.