మర్డో నోరు నొక్కిన ఛానెల్

"నీకింకా చేతనైన పని ఒకటుంది మర్డో. వినడం," అన్నాడు చీఫ్.

మర్డో ఫిండ్లేటర్ కాదనలేదు. వయసు యాభై నాలుగు. సీక్రెట్ సర్వీసులో ఇరవై ఎనిమిదేళ్ళు. ఒంట్లో రెండు బుల్లెట్ల మచ్చలు, రెండు మోకాళ్ళకీ నొప్పులు, ఒక విడాకుల కాగితం. ఇహ చాలు అనిపించి చాలాకాలమైంది గాని, రాజీనామా రాయడానికి కూడా ఓపిక లేదు.

"టార్గెట్?"

"డాక్టర్ వాండా కోస్కా. విషవాయువుల కెమిస్టు. అవతలి వాళ్ళ నుంచి తప్పించుకుని మన వైపు వస్తోంది. కార్గో ఓడలో పోర్ట్‌క్రెయిగ్ రేవు దాకా వస్తుంది. అక్కడ సముద్రం మీదే చేపల పడవలోకి దిగుతుంది. పడవ పేరు ఫెయిర్ మార్నింగ్. నడిపేది మాగ్నస్ కౌయీ. మన మనిషే."

"అవతలి వాళ్ళు?"

"నలుగురు. ఊళ్ళోనే మకాం. అందులో ఒకతె ఇలోనా. మన డబుల్ ఏజెంట్. వాళ్ళేమో తమ మనిషే అనుకుంటున్నారు. ఆమె ఏమనుకుంటోందో ఆ దేవుడికే ఎరుక."

"నాకేమిస్తున్నారు? పిస్టలా?"

చీఫ్ సొరుగు లాగి, అరచేతిలో పట్టే నల్లటి పెట్టె బల్ల మీద పెట్టాడు. పైన పొట్టి రబ్బరు ఏంటెన్నా, రెండు నాబ్‌లు. ముందు చిన్న తెర, అంకెల మీటలు.

"స్కానర్. వైర్‌లెస్‌లో ఎవరు మాట్లాడినా పట్టేస్తుంది. వినడమే. తిరిగి మాట్లాడదు."

"నా పెళ్ళి కూడా అలాగే పోయింది సార్," అన్నాడు మర్డో.

* * *

పోర్ట్‌క్రెయిగ్‌లో మర్డో వేషం పక్షులు లెక్కపెట్టే ఆఫీసరుది. మెడలో బైనాక్యులర్స్, నెత్తిన ఉన్ని టోపీ. మకాం మాగ్నస్ అక్క జెస్సీ ఇంట్లో, రేవుకి ఎదురుగా.

మొదటి రోజు కిటికీ పక్కన కూర్చుని స్కానర్ సిద్ధం చేశాడు. బ్యాటరీలు వేశాడు. ఏంటెన్నా బిగించాడు. పెట్టె బుస్సుమంది. రొద అణిచే స్క్వెల్చ్ నాబ్ మెల్లగా తిప్పి, ఆ బుసబుస ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ వదిలేశాడు. ఇంకాస్త తిప్పితే బుసతో పాటు దూరపు మాటలూ చచ్చిపోతాయి. ఆ తరవాత పడవల ఛానెళ్ళు, రేవు ఆఫీసు, కస్టమ్స్ లాంచీ, ఒక్కొక్కటే మెమరీలో పెట్టాడు. చివరికి సెర్చ్ మీట నొక్కాడు. అంకెలు పరిగెత్తాయి. ఎక్కడ గొంతు వినబడితే అక్కడ ఆగుతుంది, మాట అయిపోగానే మళ్ళీ పరుగు.

రెండో రోజు ఒకచోట ఆగి కదలనంది. మాటా లేదు, మంతీ లేదు. ఇరవై సెకన్లకోసారి "టిక్". అంతే.

ఇలాంటి పెట్టెలకి కడుపులోంచి కూతలు పుడుతుంటాయి. బయటి నుంచి వచ్చేవి కావు, సొంత రొద. నిజమో రొదో తేల్చడానికి చిట్కా ఉంది. ఏంటెన్నా విప్పాలి. అయినా కూస్తే సొంత రొద. ఆగిపోతే నిజం. పది సెకన్ల పని.

మర్డోకి ఆ రోజు మోకాళ్ళు సలుపుతున్నాయి. ఏంటెన్నా విప్పలేదు. లాకౌట్ మీట నొక్కేశాడు. ఇక స్కానర్ ఆ ఛానెల్ వైపు చూడదు. పీడా పోయింది.

ఊళ్ళో ఇంకో పొరపాటు కూడా చేశాడు. ఒక పొద్దున రేవులో నిలబడి, పందిమాంసం శాండ్‌విచ్ ఎక్కడ దొరుకుతుందని గట్టిగా అడిగాడు. తాళ్ళు విప్పుతున్న మాగ్నస్ అతని వంక ఒక్క చూపు చూశాడు. ఇంజిన్ ఆపాడు. వలలు గట్టున దించి ఇంటికి పోయాడు.

ఇంటికి రాగానే జెస్సీ పట్టుకుని దులిపేసింది.

"బుద్ధుందా నీకు? పడవ దగ్గర ఆ పేరు ఎత్తుతావా? నాలుగు కాళ్ళది అనాలి. ఆ మాట చెవిన పడితే ఏ మగాడూ సముద్రం మీదికి పోడు. దారిలో ఉంటే తిరిగొచ్చేస్తాడు."

"నిజంగా నమ్ముతారా అమ్మా?"

కీడు తగలకుండా జెస్సీ పొయ్యి దగ్గరి ఇనుప కడ్డీని ముట్టుకుంది.

"కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో నా మొగుణ్ణి ఏడిపించడానికి నవ్వుతూ ఆ మాట అన్నాను. పో పోవయ్యా అని నవ్వుకుంటూ వెళ్ళాడు. తిరిగి రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళయింది. నమ్ముతానా అని అడుగుతున్నావు."

మర్డో సిగ్గుతో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

* * *

మూడు వారాలకి ఓడ వస్తోందని కబురొచ్చింది. మధ్యాహ్నం పన్నెండుకి ఫెయిర్ మార్నింగ్ బయల్దేరింది. సముద్రం మీద చిక్కటి పొగమంచు.

రెండున్నరకి తలుపు తట్టి ఇలోనా వచ్చింది, స్వెట్టర్లు కొనే వంకతో. ఎర్ర లిప్‌స్టిక్, ఖరీదైన కోటు, కళ్ళకింద నల్లటి చారలు. జెస్సీ తలుపు మూయగానే ఇలోనా గుసగుసగా అంది:

"మావాళ్ళు స్పీడ్‌బోట్‌లో పోయారు."

"ఈ మంచులో పడవ ఎలా కనబడుతుంది?"

"నేనూ అదే అడిగాను. వెతకక్కర్లేదు, ఆ పడవే మనకి చెబుతుంది అని నవ్వారు. ఇక నేను పోవాలి. అలిసిపోయాను మర్డో, ఎవరి తరఫున ఉన్నానో నాకే గుర్తుండటం లేదు."

ఒక స్వెట్టరు కొని మరీ పోయింది.

పడవే చెబుతుంది. మర్డో స్కానర్ అందుకున్నాడు. నోరు నొక్కేసిన ఛానెల్‌ని మళ్ళీ తెరిచాడు. ఏమీ లేదు. స్క్వెల్చ్ పూర్తిగా విప్పాడు. బుసబుసలో, ఎక్కడో అడుగున, సన్నగా... టిక్.

సొంత కడుపులో పుట్టిన రొద అయితే సన్నబడదు. అది పడవతో పాటే దూరమైంది. మూడు వారాలుగా మాగ్నస్ పడవకి అంటించిన ట్రాన్స్‌మిటర్ కళ్ళెదుటి రేవులోంచి కూస్తుంటే, తనే దాని నోరు నొక్కాడు.

"అయ్యో," అన్నాడు.

"ఏమైందయ్యా?" అంది జెస్సీ.

దాచకుండా చెప్పాడు. "మీ తమ్ముడు ఓడ దగ్గరికి చేరితే వాళ్ళూ చేరతారు. డాక్టరమ్మని పట్టుకుంటారు. చూసినవాణ్ణి బతకనివ్వరు. కస్టమ్స్ లాంచీ వెళ్ళినా ఈ మంచులో వెతకడం దానివల్ల కాదు."

"మరి వైర్‌లెస్‌లో చెప్పు! అదిగో!"

కిటికీలో మాగ్నస్ పెట్టించిన సెట్టుంది. సూపు కాగిందని రోజూ జెస్సీ పిలిచేది దాంట్లోనే.

"వాళ్ళూ వింటారు. జాగ్రత్త అన్నామంటే ఆ క్షణమే మీద పడతారు. వాళ్ళకి అర్థం కాకుండా మాగ్నస్ వెనక్కి రావాలి." మర్డో తల వంచుకున్నాడు. "ఒక్క మాట ఉందమ్మా."

జెస్సీకి అర్థమైంది.

"నా నోటితోనా? నువ్వనరాదూ?"

"కొత్త గొంతు వింటే వాళ్ళు పసిగడతారు. తప్పు నాది. అడిగే మొహం కూడా లేదు."

జెస్సీ ఇనుప కడ్డీని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుంది. కుడి చేత్తో మైకు తీసింది.

"ఫెయిర్ మార్నింగ్, ఇంటి నుంచి."

"చెప్పక్కా, తొందరగా. ఓడ దీపాలు కనబడుతున్నాయి. సూపేనా?"

"సూపు కాదురా." కడ్డీని ఇంకా బిగించి పట్టుకుంది. "రాత్రికి పంది వండుతున్నాను. వింటున్నావా మాగ్నస్? పంది."

అటు నుంచి ఒక్క బూతు.

మర్డో ఫోన్లో కస్టమ్స్ వాళ్ళకి రెండు ముక్కలు చెప్పి, స్కానర్‌ని ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టాడు. టిక్. ఇరవై సెకన్లు. టిక్. తరవాత వినబడలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"చంపేశానా వాణ్ణి కూడా?" అంది జెస్సీ. కడ్డీ వదల్లేదు.

మర్డో లేచి స్కానర్ ఎత్తాడు. ఏంటెన్నాని కిటికీ అద్దానికి ఆనించాడు.

టిక్.

మళ్ళీ టిక్. ఈసారి కాస్త గట్టిగా. స్క్వెల్చ్ బిగించినా వినబడింది. రెండు గంటలు తిరిగేసరికి పెట్టె అదిరేలా కూస్తోంది. జెస్సీ ఏడుస్తూ నవ్వింది.

మంచులోంచి ముందు ఫెయిర్ మార్నింగ్ వచ్చింది. టిక్కు వెనకే, డాక్టరమ్మ పడవ ఎక్కేసిందనుకుని, స్పీడ్‌బోట్ సరాసరి రేవు వాకిట్లోకే దూసుకొచ్చింది. అక్కడ కస్టమ్స్ లాంచీ అడ్డంగా నిలబడి ఉంది.

మాగ్నస్ గట్టెక్కీ ఎక్కకముందే అరిచాడు. "పిచ్చి పట్టిందా అక్కా నీకు?"

జెస్సీ వాణ్ణి కాలరు పట్టుకుని లాక్కుని, తడి కోటులో ముఖం దాచుకుంది. సంగతంతా విన్నాక కూడా మాగ్నస్ తగ్గలేదు. "శత్రువులైతే మాత్రం, ఆ మాట అంటారా ఎవరైనా!" వారం దాకా అక్కతో మాట్లాడలేదు. సూపు మాత్రం రోజూ వచ్చి తాగి పోయాడు.

డాక్టర్ కోస్కా మర్నాడు కస్టమ్స్ లాంచీలో క్షేమంగా దిగింది. ఇలోనా ఎటు పోయిందో ఎవరికీ తెలీదు.

మర్డో రిపోర్టు రాశాడు. ఏంటెన్నా విప్పని సంగతి మొదటి పేరాలోనే ఒప్పుకున్నాడు. 'వాడిన కోడ్ వర్డ్' అన్న గడి దగ్గర పెన్ను పెట్టగానే, వెనక నుంచి జెస్సీ చెయ్యి పట్టుకుంది. "నా ఇంట్లో కాగితం మీద కూడా వద్దు." అతను 'నాలుగు కాళ్ళది' అని రాశాడు.

మూడో రోజు చీఫ్ ఫోన్ చేశాడు. "ఏమిటయ్యా ఇది? నాలుగు కాళ్ళదంటే ఏమిటి, కుర్చీయా?"

మర్డో జెస్సీ వంక చూశాడు. ఆమె చెయ్యి అప్పటికే కడ్డీ మీదుంది.

"అవును సార్," అన్నాడు. "కుర్చీయే."