వద్దన్నవారి పళ్లెం

ఆ ఉదయం శార్వాణి విన్న తృప్తి నమోదుల్లో చివరిది ఒక తాతగారిది. "నాకేం లోటమ్మా, అంతా బాగానే ఉంది" అని ఆయన తన తోడుతో, అంటే ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మరమనిషితో చెబుతున్నాడు. గొంతు పీలగా ఉంది. పక్క గడిలో ఆయన దేహభారం నెలనెలా తగ్గుతూ వచ్చి, పోయిన వారంతో ఆగిపోయింది. తృప్తి మాత్రం సంపూర్ణం. శార్వాణి ముద్ర వేసింది. కాకినాడ తోడుశాఖలో ఆమె పని అదే. మనిషి పోయాక, పోయేదాకా సుఖంగానే ఉన్నాడని ధ్రువీకరించడం.

శాఖ గోడ మీద 'అడగందే అమ్మయినా పెట్టదు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. తోడులు అమ్మకంటే మేలట. వేళకి వచ్చి, వాటంతటవే అన్నం పెట్టమంటారా అని అడుగుతాయి. కాకపోతే ఒక్కసారే అడుగుతాయి. వద్దంటే వద్దనే, అది సమ్మతి సూత్రం. ఆ సూత్రం ఊరికే రాలేదు. ఒకప్పుడు జీతానికొచ్చిన మనుషులు ముసలివాళ్ల ముక్కు మూసి గంజి పోసేవారు, కాళ్లు మంచానికి కట్టేవారు. అందుకని చట్టం పెద్దల మాటకి విలువిచ్చింది. ఆ పెద్దలు ఎలాంటివాళ్లో మాత్రం కనుక్కోలేదు. మనవాళ్లు మొదటిసారి వద్దంటారు, రెండోసారి ఇప్పుడేగా తిన్నానంటారు, మూడోసారి సరే కొంచెం అని పళ్లెం జరుపుకుంటారు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. ఈ ఊళ్లో కడుపులు మాడుతున్నాయి.

సాయంత్రంలోగా శార్వాణి తన రాజ్యం పెద్దమ్మకి తోడుని ఎంచాలి. తల్లి పోయాక ఆమెను పెంచింది ఆవిడే. ఇప్పుడు మోకాళ్లు పోయి మంచం దిగలేకపోతోంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుని పెద్దల్ని చూసుకోవడానికి శ్రమ చట్టం ఒప్పుకోదు. వెన్నెల, అనుంగు, ఊతం అని మూడు రకాల తోడులున్నాయి. ఒకటి పాటలు పాడుతుంది, ఒకటి కాళ్లు పడుతుంది, ఒకటి పేపరు చదివి పెడుతుంది. ఏదీ రెండోసారి అడగదు. తాను ముద్ర వేసి పంపినవాళ్లలో పెద్దమ్మ కూడా చేరుతుందని శార్వాణికి భయంగా ఉంది. ఇన్నాళ్లూ ముద్రలు వేసినందుకు సిగ్గుగానూ ఉంది.

పై అధికారి త్రివిక్రమరావు దగ్గరికి వెళ్లి, మూడుసార్లు అడిగేలా ఒక్క తోడుని మార్చమని బతిమాలింది. ఆయన కఠినుడేం కాదు. మళ్లీ మళ్లీ అడగడం చట్టంలో బలవంతమని, ఒకరికి సడలిస్తే పాత రోజులకి తలుపు తీసినట్టేనని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మా అమ్మ కూడా వద్దనే అందమ్మా."

ఇంకో దారుందన్నాడు. మాటరద్దు ముద్ర. అది పడితే తోడు పెద్దమ్మ మాట వినదు, ఒంటి అవసరం చూసుకుని పెడుతుంది. అన్నమే కాదు, మందు, నిద్ర, ఇంట్లోకి ఎవరు రావాలో కూడా అదే తేలుస్తుంది. ఆవిడ ఒకసారి ఒప్పుకుంటే చాలు.

మధ్యాహ్నం శార్వాణి అనుంగు తోడుని వెంటబెట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. అడగ్గానే సరే అనమని ముందు ఆవిడకి నేర్పబోయింది. పెద్దమ్మ నవ్వింది.

"పెట్టమంటారా అనగానే చెయ్యి చాపేస్తే ఏం బావుంటుందే? కరువులోంచి వచ్చినట్టు."

తోడు పళ్లెం తెచ్చి అడిగింది. పొద్దుట్నుంచీ ఏమీ తినని మనిషి, వద్దమ్మా, ఇప్పుడేగా తిన్నానంది. పళ్లెం వెనక్కి వెళ్లింది. ఆవిడ చూపు దాని వెంట వంటింటి దాకా వెళ్లింది. శార్వాణికి ఏడుపొచ్చింది. ఇంక మాటరద్దు సంగతి అడగమని తోడుకి చెప్పింది.

"ఇకపై మీ మాట చెల్లదు. సమ్మతమేనా?" అని అడిగింది తోడు.

"వద్దు," అంది పెద్దమ్మ.

అది ఏ వద్దో శార్వాణికి తెలియలేదు. చట్టం తెలిసి కూడా తనే మళ్లీ అడిగింది. వద్దే అంది ఆవిడ. శార్వాణి ఆవిడ చెయ్యి పట్టుకుని, తన కోసం ఒప్పుకోమంది. ఈసారి పెద్దమ్మ తొందరపడలేదు.

"మూడోసారి అడిగావు కాబట్టి నిజం చెప్తున్నా. వద్దు. ఆకలికి పోతే పోతాను గానీ, నోరుండగా నన్ను నోరులేనిదాన్ని చెయ్యకే."

ఇంక ఎంచడానికేమీ మిగల్లేదు. బలవంతం నమోదైందని, బంధువు వెంటనే వెళ్లిపోవాలని తోడు ప్రకటించింది. రేపట్నుంచి ఈ గుమ్మం తొక్కనివ్వరు, ఉద్యోగమూ ఉండదు. శార్వాణి లేచి వంటింట్లోకి వెళ్లింది. పళ్లెం తెచ్చుకుని మంచం పక్కన కూర్చుంది. తినమంది. పెద్దమ్మ వద్దంది. మళ్లీ అడిగితే ఇప్పుడేగా తిన్నానంది. బెండకాయ పులుసు కలిపి, ముద్ద చేసి, నోటి దగ్గర పెట్టి మళ్లీ అడిగింది.

సరే కొంచెం అని పెద్దమ్మ నోరు తెరిచింది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తింది.

తోడు చూస్తూనే ఉంది. వద్దన్న మాటా నిజమే, తింటున్న నోరూ నిజమే. ఏది నమోదు చెయ్యాలో తేలక శాఖని అడిగింది. అలాంటి ప్రశ్నకి శాఖలో గడి లేదు. ప్రశ్న అక్కణ్నుంచి మిగతా తోడులన్నిటికీ పాకింది. రేపు పెద్దమ్మకి ఎవరు కొసరి పెడతారో శార్వాణికి తెలియదు. జవాబు వచ్చేదాకా మాత్రం, ఆ మధ్యాహ్నం కాకినాడలో ఏ తోడూ పళ్లెం వెనక్కి తీయలేదు.