తలుపు దగ్గర ఎర్రంచు చీర

"గీతా, గా తలుపు కాడ నిలవడ్డామెకు జర పీటెయ్యి బిడ్డా."

ఆరో తరగతి గీత అప్పుడే ఒంటిపూట బడి నుంచి వచ్చింది. బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది. తలుపు వైపు చూసింది. గడప మీద ఎండ ఉంది. మనిషి లేదు.

"ఎవరవ్వా?"

"ఎర్రంచు చీరామె. ఎన్కాల ఇంకిద్దరున్నరు. పొద్దటి సంది గట్లనే నిలవడ్డరు."

"ముఖం ఎట్లుంది?"

అవ్వ జమ్ములమ్మ కళ్ళు చిట్లించింది. "ముఖాలు కనవడ్తలేవు. చీరలే."

గీత పీట వేయలేదు. గబగబా తలుపు మూసేసింది.

"ఇప్పుడు ఇంట్లకొచ్చి నిలవడ్డరు" అంది అవ్వ మెల్లగా.

సాయంత్రం నాయిన నాగప్ప ఇద్దరినీ గద్వాలలోని ఒక కంటి దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టర్ డేవిడ్ కేరళ నుంచి కొత్తగా వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. నాగప్పకు ఇంగ్లీషు రాదు. ఇద్దరి మధ్య గీత కుర్చీ వేసుకుని గొప్పగా కూర్చుంది.

డాక్టర్ అవ్వ కళ్ళలోకి లైటు వేసి చూశాడు. రెండు కళ్ళకూ పొరలు వచ్చాయి, ఆపరేషన్ చేయాలి అన్నాడు. గీత తెలుగులో చెప్పింది.

"ఇంకేమైనా ఇబ్బంది ఉందా? అన్నీ చెప్పమను" అని ఆయన ఇంగ్లీషులో అడిగాడు.

అవ్వ ముందుకు వంగింది. "ఇంట్లకు మనుషులొస్తున్నరు సారూ. నన్ను తీస్కపోనీకె. నాకొక్కదానికే కనవడ్తరు."

నాగప్ప తల దించుకున్నాడు. గీత చెవులు వేడెక్కాయి. బడిలో తన తరగతి వంశీ ఎగతాళి చేసిన మాట గుర్తొచ్చింది. "మీ అవ్వకు దయ్యం వట్టిందంట గదనే!" ఇది ఇంగ్లీషులో చెబితే డాక్టర్ నవ్వుతాడు. లేదంటే అవ్వకు పిచ్చి అంటాడు.

"తలనొప్పి అంటోంది సార్. అంతే" అంది ఇంగ్లీషులో.

డాక్టర్ తలూపి మాత్రలు రాశాడు.

"సారు ఏమన్నడు బిడ్డా?"

"ఏం కాదన్నడు."

మరునాడు అవ్వ ఆపరేషన్ వద్దంది. "పొయ్యేదానికి కొత్త కండ్లెందుకు? ఏం చెయ్యలేకనే సారు ఏం కాదన్నడు" అంది. అన్నం ముట్టలేదు. పెట్టెలోంచి పెళ్ళి చీర తీసి కట్టుకుంది.

గీత బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో నాయిన నేసే మగ్గం చప్పుడు లేదు. నాయిన బయటికి పోయాడు. గది మధ్యలో అవ్వ నడుస్తోంది. చెయ్యి ముందుకు చాచి ఉంది. ఎవరో పట్టుకుని నడిపిస్తున్నట్టే ఉంది.

"వస్తున్న... జర మెల్లగ పోండ్రి."

ఎదురుగా మగ్గం గుంత. నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే లోతు గుంత. అవ్వ పాదం అంచు దాటింది.

"అవ్వా!"

గీత కొంగు పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ నేల మీద పడ్డారు.

"ఎందుకు ఆపుతవ్?" అవ్వ ఏడ్చింది. "సారే ఏం చెయ్యలేనన్నడు గద?"

గీత కొంగు వదలలేదు. "సారు అనలే అవ్వా. నీ మాట నేనే సారుకు చెప్పలే."

నాయిన రాగానే ముగ్గురూ మళ్ళీ దవాఖానకు పోయారు. ఈసారి గీత కుర్చీలో కూర్చోలేదు.

"సార్, నిన్న నేను మొత్తం చెప్పలేదు" అని మొదలుపెట్టింది. ఎర్రంచు చీర, ముఖం లేని మనుషులు, మగ్గం గుంత. ఇంగ్లీషు మాట దొరకని చోట చేతులతో చేసి చూపించింది.

డాక్టర్ నవ్వలేదు. కుర్చీ అవ్వకు దగ్గరగా జరుపుకున్నాడు. "వాళ్ళు మాట్లాడతారా?"

"ఒక్కలు గూడ నోరిప్పరు" అంది అవ్వ.

"చూపు తగ్గినప్పుడు కొందరికి ఇలా అవుతుంది. కళ్ళు సరిగా చూపించని చోట మెదడే బొమ్మలు గీసుకుంటుంది. ఇది పిచ్చి కాదు. వాళ్ళు తీసుకుపోవడానికి రాలేదు. కనిపిస్తే కళ్ళు అటూ ఇటూ తిప్పమను. ఆపరేషన్ తర్వాత తగ్గే అవకాశం ఎక్కువ."

గీత ఒక్క మాట వదలకుండా చెప్పింది. అవ్వ డాక్టర్ వైపు వంగి కళ్ళు చిట్లించింది.

"గీ పిలగాడు గింత బక్కగున్నడేంది? తిన్నడో లేదో అడుగు."

గీత నాలుక కరుచుకుంది. తర్వాత అది కూడా అడిగేసింది. డాక్టర్ పకపకా నవ్వాడు.

"ఆపరేషన్ చేస్కుంట అని చెప్పు" అంది అవ్వ.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతోంది. గడప దగ్గర అవ్వ ఆగిపోయింది.

"వచ్చిన్రు."

గీత అవ్వ చెయ్యి పట్టుకుంది. "కండ్లు తిప్పు అవ్వా."

అవ్వ తిప్పింది. "ఇద్దరు పోయిన్రు. ఎర్రంచామె పోతలేదు."

"ఏడుంది?"

అవ్వ వేలు చూపించింది. గీత సరిగ్గా అక్కడికే పోయి, పీట వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడు?"

"నువ్వే కనవడ్తున్నవ్."

"మళ్ళొస్తే చీర జర మంచిగ చూడవ్వా" అంది గీత. "ఏ రంగో, అంచు మీద ఏమున్నదో... అన్నీ సారుకు చెప్పాలె."