పాలల్లో కలిపిన మాత్ర

తెల్లారకముందే పెదకాకానిలో జానకిరామయ్యగారి ఇల్లు లేచి కూర్చుంది. లేవక చస్తుందా! ఎనభై దాటిన పెద్దాయనకి ఆయుష్షు కోసం హోమం. వాకిట్లో షామియానా, పెరట్లో గాడిపొయ్యి, వంటవాళ్ళ కేకలు, మామిడాకుల కోసం ఒకళ్ళు, తమలపాకుల కోసం ఇంకొకళ్ళు పరుగులు. ఇంత గోలలోనూ కోడలు శ్రీదుర్గ మొహంలో కంగారు లేదు.

"దుర్గా, అమ్మాయికి అడ్డమేం లేదు కదా?" అత్తగారు కామేశ్వరి గొంతు తగ్గించి అడిగింది.

"లేదత్తయ్యా. హోమం అయ్యేదాకా రాదు. నాదీ పూచీ."

అలాంటి దానికి పూచీ ఎలా ఇస్తారంటారా? ఆ ఇంట్లో పూజ అలమరలో పసుపు, కుంకుమ, కర్పూరంతో పాటు నెలసరి వెనక్కి జరిపే మాత్రల అట్ట కూడా ఉంటుంది. వరలక్ష్మీ వ్రతమొచ్చినా, దసరా వచ్చినా, తద్దినమొచ్చినా క్యాలెండరు చూడ్డం, వేళ్ళు మడిచి లెక్కేసుకోవడం, మాత్ర మింగడం. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు చేతిలో పెడితే శ్రీదుర్గ నోరెత్తకుండా మింగింది. ఇప్పుడు కూతురు అమూల్యకి తనే పెడుతోంది. పదిహేడేళ్ళ పిల్ల, గుంటూరులో ఇంటర్ రెండో సంవత్సరం. మందుల షాపువాడు చీటీ అడగడు, ఎవరికని అడగడు. తలనొప్పి బిళ్ళ కొన్నట్టే కొనుక్కొచ్చేయడమే.

ఈసారి మాత్రం పిల్ల ఎదురు తిరిగింది. "నేను వేసుకోనమ్మా. పోయినసారి వేసుకున్న దగ్గర్నుంచీ కాలు లాగేస్తోంది" అంది. "తాతయ్య హోమం కానీ, ఆ తర్వాత చూద్దాంలే" అంది తల్లి. సరేనని మూడు నాలుగు రోజులు మింగిన పిల్ల, ఆ తర్వాత మాత్రల్ని సింకులో పడేస్తోందని శ్రీదుర్గ వారం కిందట కనిపెట్టింది. అరిచిందా? లేదు. శుభమా అని హోమం పెట్టుకుని ఇంట్లో రభస దేనికి? ఆ రోజు నుంచీ పొద్దునా రాత్రీ మాత్ర పొడి చేసి, పటికబెల్లం వేసిన పాలల్లో కలిపి ఇచ్చేసింది. పిల్ల గటగటా తాగేసేది. నన్ను కన్నదానివా, నిన్ను కన్నదాన్నా అని శ్రీదుర్గ ముచ్చటగా నవ్వుకుంది కూడా.

"అమ్మూ! ఇంకా తెమల్లేదుటే? ఋత్విక్కులు వచ్చేశారు!" కామేశ్వరి కేకేసింది.

పట్టు పరికిణీ కట్టుకుని అమూల్య గది గుమ్మం పట్టుకుని నిలబడింది. ఒక పట్టీ కాలికుంది, రెండోది చేతిలో ఉంది.

"ఇది పట్టడం లేదమ్మా."

"పట్టకపోవడమేమిటి? మొన్నేగా పెట్టుకున్నావు. ఇలా తే." శ్రీదుర్గ కింద కూర్చుని పరికిణీ అంచు పైకెత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కుడికాలు మామూలుగానే ఉంది. ఎడమ పిక్క మాత్రం ఉబ్బి, నున్నగా మెరుస్తోంది. ముట్టుకుంటే కాలుతోంది.

"ఏమిటే ఇది? ఎక్కడన్నా పడ్డావా?"

"పడలేదు. కాలు లాగుతోందని ఎన్నిసార్లు చెప్పాను నీకు? బస్సులో నిలబడి ఉంటావు, జండూబామ్ రాసుకో అన్నావు." అమూల్య ఊపిరి పీల్చుకుంది. "అమ్మా, నేను డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. కాలేజీ నుంచి. ఒక్కదాన్నే."

కామేశ్వరి చేతిలోని పూల బుట్టని దబ్బున కింద పెట్టేసింది. "ఏ డాక్టరే?"

"లేడీ డాక్టర్. శివపార్వతిగారని."

"హవ్వ! పెళ్ళి కాని పిల్ల ఒంటరిగా ఆ డాక్టరు మెట్లెక్కడమేమిటే? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? రామకాంతూ! ఒరేయ్, ఇలా రా, నీ కూతురి ఘనకార్యం విను!"

హోమగుండం దగ్గర ఇటుకలు సర్దుతున్న రామకాంత్ చేతులు దులుపుకుంటూ వచ్చాడు. చిలకలూరిపేట హైస్కూల్లో ఆయన సైన్సు మాస్టారు. ఆడపిల్లల శరీరం గురించిన పాఠం రాగానే ‘ఇది ఇంట్లో చదువుకోండి’ అని పేజీ తిప్పేసే రకం.

"ఎవర్నడిగి వెళ్ళావు?" అన్నాడు.

"నా కాలు నొప్పికి ఎవర్ని అడగాలి నాన్నా? అమ్మకి చెప్తే హోమం అయ్యాక అంది. నీకు చెప్తే అమ్మకి చెప్పు అన్నావు."

"అయితే మాత్రం? ఇంకా మైనర్‌వి. పెద్దవాళ్ళం ఉన్నాం, నీ అంతట నువ్వు వెళ్ళిపోవడమేనా?"

"మైనర్‌వనే ఆవిడా పంపించేశారు!" పిల్ల అరిచింది. "స్కాన్ తియ్యాలన్నారు. నీకు పద్దెనిమిది నిండలేదు, అమ్మనో నాన్ననో తీసుకురా అన్నారు. ఈలోగా ఆ మాత్రలు మాత్రం ఈ క్షణం నుంచే మానెయ్యమన్నారు. అదేంటో నాన్నా, కాలికి స్కాన్ తియ్యడానికి మీ సంతకం కావాలిట. నా ఒంట్లోకి మాత్ర వెయ్యడానికి మాత్రం నన్నెవ్వరూ అడగక్కర్లేదుట!"

శ్రీదుర్గ పట్టీ పట్టుకుని కిందే కూర్చుండిపోయింది.

"మానేశానమ్మా. సింకులో పడేశాను, తిడితే తిట్టు. మానేసిన రెండు మూడు రోజులకి డేట్ వచ్చేస్తుందన్నారు. వారం దాటింది, రాలేదు. వాపు రోజురోజుకీ పెరుగుతోంది. ఇదేంటో నాకు అర్థం కావడం లేదు. నాకు భయంగా ఉందమ్మా. రోజూ రాత్రి ఏడుస్తున్నాను, తెలుసా?"

ఎందుకు రాలేదో ఈ భూమ్మీద తెలిసింది శ్రీదుర్గ ఒక్కదానికే. చెప్పెయ్యాలి. నోరైతే తెరిచింది. వచ్చిందల్లా ఒక్కటే: "ఏమండీ, కారు తియ్యండి."

"ఇప్పుడా?" కామేశ్వరి అడ్డొచ్చింది. "కొడుకూ కోడలూ లేకుండా ఆయన హోమం ఏమిటే? మధ్యాహ్నానికల్లా అయిపోతుంది కదా, ఇన్నాళ్ళూ ఆగిన కాలు…"

"ఆగదు!" అని గట్టిగా వినిపించింది. పీట మీద కూర్చోవలసిన జానకిరామయ్యగారు కొత్త పంచె కుచ్చిళ్ళు పట్టుకుని వరండాలోకొచ్చి నిలబడి ఉన్నారు. "ఎనభై ఏళ్ళు బతికినవాడికి ఆయుష్షు పొయ్యమని దేవుణ్ణి అడుగుతూ, పదిహేడేళ్ళ పిల్లని కాలు వాచి కూర్చోమంటావా? సిగ్గులేకపోతే సరి. మీరు వెళ్ళండిరా."

గుంటూరు ఎంత దూరం కనక! అయినా ఆ దారి తరగలేదు. మిర్చి బస్తాల లారీ ఒకటి ముందు వెళుతుంటే ఆ ఘాటుకి ముగ్గురూ దగ్గారు. అమూల్య దగ్గినప్పుడల్లా శ్రీదుర్గ వీపు నిమిరింది. పిల్ల తల తన భుజమ్మీదే ఉంది. ఇప్పుడు చెప్తే భర్త కారు ఎక్కడ గుద్దుతాడో అని సాకు వెతుక్కుంది. నిజానికి భయమల్లా ఆ భుజం మీది తల లేచిపోతుందనే.

"వచ్చావా తల్లీ? అమ్మని తీసుకురావడానికి ఇన్నాళ్ళు పట్టిందా?" అంది డాక్టర్ శివపార్వతి. కాలు చూడగానే ఆవిడ మొహంలో నవ్వు పోయింది. నర్సుని పిలిచి స్కానింగ్‌కి సిద్ధం చెయ్యమంది. "మాత్రలు ఎప్పుడు మానేశావు?"

"మీరు చెప్పిన రోజే మేడమ్. వారం పైనే అయింది."

"అయినా డేట్ రాలేదా? మానేశాక ఇంత వాపు పెరిగిందా?" డాక్టర్ నుదురు చిట్లించింది. "అయితే కారణం ఇంకేదైనా ఉందేమో చూడాలి…"

"మానలేదండీ."

ఎవరిదో గొంతులా వినిపించింది శ్రీదుర్గకి తన గొంతు.

"మానేశానమ్మా! ఒట్టు!" అంది అమూల్య.

"నువ్వు మానేశావు. నేను మాననివ్వలేదు." శ్రీదుర్గ డాక్టర్ వైపే చూస్తూ చెప్పింది, కూతురి వైపు చూసే ధైర్యం లేక. "పాలల్లో పొడి చేసి కలిపి ఇచ్చాను. రోజూ రెండుపూటలా. నిన్న రాత్రి కూడా."

రామకాంత్ కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ కూర్చున్నాడు. అమూల్య అరవలేదు, ఏడవలేదు. తల్లిని అలా చూస్తూ ఉండిపోయింది. వీధిలో ఎవరో కొత్త మనిషి పేరు పెట్టి పిలిస్తే చూస్తామే, అలాగ.

"పాలల్లోనా?" అంది చివరికి. తల్లి చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది.

శ్రీదుర్గని నలుగురిలో చెంప పగలగొట్టినా అంత నొప్పి పుట్టి ఉండదు.

"ఇప్పటికైనా చెప్పారు, మంచిదైంది" అంది డాక్టర్ పొడిగా. "చెప్పకపోతే నేను ఇంకో దారిలో వెతుక్కుంటూ కూర్చునేదాన్ని."

స్కానింగ్ అయింది. కాలి లోపలి రక్తనాళంలో రక్తం గడ్డ కట్టింది. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ఉంటే తామేమీ చెయ్యగలిగేవాళ్ళం కాదని డాక్టర్ చెప్తుంటే రామకాంత్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. హోమం అయ్యాక చూద్దాంలే అన్న తన మాట శ్రీదుర్గ చెవుల్లో మోగుతూనే ఉంది. ఆ అయ్యాక అన్నది వచ్చేదా అసలు?

"వెంటనే చేర్చుకోవాలి. ఇక్కడ సంతకం పెట్టండి." డాక్టర్ కాగితం శ్రీదుర్గ ముందుకు జరిపింది.

శ్రీదుర్గ పెన్ను తీసుకుంది. పెట్టలేదు. "ముందు దానికి చెప్పండి డాక్టరుగారూ. ఏం ఎక్కిస్తారో, ఏమవుతుందో అంతా. అది సరేనంటేనే పెడతాను."

శివపార్వతి ఆవిణ్ణి ఒక్క క్షణం చూసి, కుర్చీ అమూల్య వైపు తిప్పుకుంది. రక్తం పలచబడే ఇంజక్షన్లు, పొట్టమీద చేస్తారు. తర్వాత కొన్ని నెలలు మాత్రలు. నెలసరిలో రక్తం ఎక్కువ పోవచ్చు, దెబ్బలు తగలకుండా చూసుకోవాలి. ఆ నెలసరి ఆపే మాత్రలు ఇక ఈ జన్మలో ముట్టుకోకూడదు.

"పరీక్షలు రాయొచ్చా మేడమ్?"

"రాయొచ్చు."

"నేను బతుకుతాను కదా?"

"చక్కగా బతుకుతావు. నువ్వు ఆ రోజు వచ్చి నాకు కనపడ్డావు చూడు, అదే నిన్ను కాపాడింది."

అమూల్య కళ్ళు తుడుచుకుంది. ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివింది. తర్వాత తల్లి వైపు తిరిగింది.

"నాకు కోపం పోలేదు. ఇప్పుడిప్పుడే పోదు కూడా. నువ్వు చేసిచ్చింది తాగాలంటే నాకు భయమేస్తుందమ్మా, అంత పని చేశావు" అంది. "అయినా అడుగుతున్నాను. నువ్వేమంటావు? చేయించుకోనా?"

ఇంత చేశాక కూడా ఆ పిల్ల తననే అడుగుతోంది. ఆ ఒక్క మాట ఆ పిల్లని తను ఎన్నడూ అడగలేదు. శ్రీదుర్గకి ఏడుపు ఆగలేదు. నర్సు తలుపు తీసి చూసేంత గట్టిగా ఏడ్చింది.

"చేయించుకో తల్లీ" అంది, కొంగు నోటికడ్డం పెట్టుకుని. "నీ కాళ్ళు పట్టుకుంటాను, చేయించుకో."

"అలాగే" అంది అమూల్య. "సంతకం పెట్టు."