నోటితో గుంజిన విత్తనం

సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు నరేందర్ టిఫిన్ డబ్బా కడిగి బోర్లించి, రెండో ట్యాంకు ఎదుట తన కుర్చీలో కూర్చున్నాడు.

భూపాలపల్లి నుంచి ఘనపూర్ పోయే దారిలో, కరెంటు కేంద్రం గోడకు ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు అది. బొగ్గు కాలిన పొగ లావుపాటి పైపులో ఇక్కడికి వస్తుంది. ట్యాంకులో ఉండే సూక్ష్మజీవులు ఆ పొగను తిని ఆల్కహాల్ విడుస్తాయి. దాన్ని బండ్ల ఇంధనంలో కలుపుతారు. అవి ఎంత పొగ తింటున్నాయో కంప్యూటర్ తెర మీద ఒక పచ్చ గీత చూపిస్తుంది. గీత తిన్నగా పోతే అంతా బాగున్నట్టు.

షెడ్డు నిండా పులిసిన కల్లు వాసన. రేకుల సందుల్లో ఎండ ఎర్రబడుతోంది.

పక్క కుర్చీ తొమ్మిది రోజులుగా ఖాళీగా ఉంది. అందులో కూర్చునే యాకయ్య హనుమకొండలో దవాఖాన మంచం మీద ఉన్నాడు. ఇరవై రెండేళ్లు బొగ్గుబాయిలో దుమ్ము మింగిన మనిషి. నరేందర్‌కు చుట్టం కాకపోయినా, బాబాయి వరుస కలిపి 'కాక' అయ్యాడు. పని నేర్పింది ఆయనే.

పన్నెండు రోజుల కింద విత్తనం పోసేటప్పుడు కరెంటు పోయింది. విత్తనం అంటే పెద్ద సీసాలో పెంచిన సూక్ష్మజీవుల నీళ్లు. గాలి తగిలితే చస్తాయి, ఆలస్యమైనా చస్తాయి. మోటారు తిరగలేదు. ముందు జనగామకు పంపే సీసా నింపాలి. అక్కడ ఒక బియ్యం మిల్లు పక్కన ఇలాంటిదే కొత్త ట్యాంకు పెట్టారు. నరేందర్ పైపును నోట్లో పెట్టుకుని గుంజాడు. నోరంతా పులుపు. దగ్గు వచ్చి, నోట్లోది సగం పైపులోకే వెనక్కి పోయింది. ఎట్లాగో సీసా నిండింది.

యాకయ్య పడి పడి నవ్వాడు. "ట్రాక్టర్ల డీజిల్ గూడ గుంజలేదారా ఏనాడు? మీ కాలేజీల గిది చెప్పలేదా?"

"నువ్వు గుంజు మరి, చూస్త."

"జరుగు." రెండో ట్యాంకులోకి పోయే పైపు యాకయ్య అందుకున్నాడు. ఒక్క గుక్క. ఆయనకూ దగ్గొచ్చింది, చాలాసేపు. పైపు మాత్రం నోట్లోంచి తియ్యలేదు.

ఆ సంగతి ఇద్దరూ రిజిస్టర్‌లో రాయలేదు. మూడో రోజు యాకయ్య మంచాన పడ్డాడు.

ఆరు గంటలకు హైదరాబాద్ నుంచి మేనేజర్ జగన్మోహన్ ఫోన్ చేశాడు. "రెండో ట్యాంకు పాడైంది నరేందర్. గీత చూశావా, ఎట్లా ఊగుతుందో? వేరే క్రిములేవో చేరాయి. గ్యాస్ మూసెయ్. ఆవిరి పెట్టి కడిగించు."

"సరే సార్."

నరేందర్ తెర వైపు తిరిగాడు. గీత ఊగుతోంది. రెండు చిన్న అలలు, ఒక ఆగుడు, తర్వాత ఒక పొడుగాటి అల. మళ్లీ రెండు చిన్నవి, ఆగుడు, పొడుగు.

ఎక్కడో విన్న వరుస. చూసిన వరుస కాదు, విన్నది.

పక్క కుర్చీలో కునుకు తీస్తూ యాకయ్య ఊపిరి తీసే తీరు అది.

'పిచ్చి' అనుకుని లేచి పొగ వచ్చే వాల్వు సగం మూశాడు. గీత కిందికి జారింది. జేబులో ఫోన్ మోగింది. యాకయ్య భార్య సత్తమ్మ.

"నరేందరూ... మీ కాకకు ఊపిరి ఆడ్తలేదు బిడ్డా... కండ్లు తేలేసిండు..."

వాల్వు మళ్లీ తిప్పాడు. గీత లేచింది.

"ఆ... గుంజిండు. ఇప్పుడు గుంజిండు." సత్తమ్మ ఏడుస్తోంది. "ఏందో బిడ్డా, ఎవలో ముక్కు మూసి ఇడిసినట్టే ఉంది."

"చిన్నమ్మా," నరేందర్ గుసగుసగా అన్నాడు, "ఆయన ఊపిరి తీసినప్పుడల్లా... ఆ అను."

"ఎందుకురా?"

"అను చిన్నమ్మా."

"ఆ... ఆ..." ఆగింది. "ఆ..."

తెర మీద రెండు చిన్న అలలు. ఆగుడు. పొడుగు అల.

ఫోన్ పెట్టేసి జగన్మోహన్‌కు చేశాడు. "సార్, వాల్వు బిగుసుకుపోయింది. తెల్లారి చూద్దాం సార్."

"వాల్వు బాగానే ఉన్నట్టు నాకు ఇక్కడ కనపడుతుందయ్యా. ఆగు, ఇక్కణ్నుంచి నేనే మూస్తా."

"వద్దు సార్..."

లైన్ కట్ అయింది. వాల్వు తలకాయలోని మోటారు గుర్రుమంది. నరేందర్ ఉరికి చక్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. అరచేతులు ఒరుసుకుపోయాయి. చక్రం ఆగలేదు. ఒక చుట్టు... ఇంకో చుట్టు...

గీత పడుకుంది.

జేబులో ఫోన్ మోగింది. తియ్యలేదు. మోగి మోగి ఆగింది.

కాసేపటికి ఆవిరి పైపు దానంతటదే తెరుచుకుంది. ట్యాంకు వేడెక్కి టిక్కు టిక్కుమంది. తర్వాత... లోపల ఎవరో దగ్గారు. ఇనుము వెనకాల, చాలాసేపు. పైపు నోట్లో ఉన్న మనిషి దగ్గినట్టు.

ఆ తర్వాత చప్పుడు లేదు.

యాకయ్య ఏడు గంటల నాలుగు నిమిషాలకు పోయాడని దవాఖాన కాగితంలో రాశారు. మరునాడు పొద్దున తొమ్మిది గంటలకు నరేందర్ ఒక కొమ్ము పట్టి పాడె మోశాడు. వాగు ఒడ్డు ఎక్కేటప్పుడు రొప్పు వచ్చి రెండుసార్లు నిలబడాల్సి వచ్చింది.

పాడె మోసిన నాలుగు రోజులకు జనగామ ట్యాంకు చూసే మిథున్ ఫోన్ చేశాడు.

"అన్నా, మీ విత్తనం గిట్లెందుకున్నది? గీత నిమిషానికి పదహారుసార్లు ఊగుతుంది. రాత్రయితే నెమ్మదైతది. మొన్న నాలుగు రోజుల కింద పొద్దున తొమ్మిదింటికైతే ఉరికినట్టే కొట్టుకుంది, నడుమ రెండుసార్లు ఆగింది."

నరేందర్ రెండు వేళ్లు ముక్కు కింద పెట్టుకుని, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. పదహారు.

"జగన్మోహన్ సార్ ఇది గూడ పాడైందన్నడు. హైదరాబాద్ నుంచే మూస్తడట. సోమవారం పొద్దుగాల."

ఆ రోజు ఆదివారం.